తొందరున్నవాళ్ళు ఈదుకుంటూ వెళ్ళొచ్చు

"నాకు... ప-ప-పని..."

"పని కావాలి. అంతేగా? కూర్చోండి మనాంగ్" అన్నాడు ఆర్నెల్, అక్కని పిలిచినట్టు.

కుర్చీలో కూర్చున్నావిడకి యాభై ఏళ్ళుంటాయి. ఎండకి కమిలిన ముఖం. చొక్కా నిండా ఉప్పునీటి మరకలు.

"కా-కాదు. ప-పని..."

"ఏదో ఒక పని కాదు, మంచి పని కావాలి. అర్థమైంది."

వికలాంగులకి పని చూపించే ఆ చిన్న సంస్థలో ఆర్నెల్ చాలా ఏళ్ళుగా ఉన్నాడు. నత్తి ఉన్నవాళ్ళు మాట కోసం తంటాలు పడుతుంటే చూడలేడు. ఆ మాటేదో తనే అందించేస్తాడు. దాన్నే సాయం అనుకుంటాడు.

పైగా అది భోజనాల వేళ. బల్ల మీద బాచోయ్ నూడుల్స్ చల్లారిపోతున్నాయి.

"హోటల్లో దుప్పట్లు ఉతికే పని ఉంది. రోజంతా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు."

"మా-మాట్లాడితే ఏం?"

"మీకే కష్టం కదా అని."

"క-కష్టం నాకు కాదు. వి-వినేవాళ్ళకి."

గోడవారగా బెంచీ మీద కూర్చున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

ఆర్నెల్‌కి ఒళ్ళు మండింది. "ఈ రెల్మార్ కూడా మీలాంటివాడే. సీసాలు కడిగే పని చూపిస్తే వద్దన్నాడు. గోదాంలో పని చూపిస్తే వద్దన్నాడు. ఈయనగారికి మాట్లాడే పనే కావాలట!"

ఆవిడ కుర్చీ రెల్మార్ వైపు తిప్పుకుంది.

"ని-నిజమేనా?"

"న-నిజమే."

"ఎం-ఎందుకు?"

"ఎందుకంటే వీడికి..." అని అందుకోబోయాడు ఆర్నెల్.

"మి-మిమ్మల్ని కాదు" అందావిడ వెనక్కి తిరక్కుండానే.

రెల్మార్ నోరు తెరిచాడు. మాట రాలేదు. దవడ బిగుసుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. ఆవిడ చూపు మరల్చలేదు, తొందరపెట్టలేదు, కనీసం తలైనా ఊపలేదు. అలాగే కూర్చుంది.

"నా-నాకు మాట్లాడ్డం ఇ-ఇష్టం" అన్నాడు చివరికి.

ఆర్నెల్ ఒక కాగితం, పెన్నూ ఆవిడ ముందుకి తోశాడు. "మీకేం కావాలో ఇందులో రాసివ్వండి మనాంగ్. చిటికెలో అయిపోతుంది."

ఆవిడ ఆ రెండూ వెనక్కి తోసింది.

"నా-నాకు నోరుంది."

"అబ్బో! పని కోసం వచ్చినవాళ్ళకే ఇంత పొగరా? మాలాంటివాళ్ళం ఏదో జాలిపడి చూపిస్తున్నాం. ఉన్నదాంతో సర్దుకోవాలి."

ఆవిడ లేచి నిలబడింది. "న-నేను వచ్చింది..."

"సర్దుకోవడానికి రాలేదు. తెలుస్తూనే ఉందిలెండి!"

ఆవిడ అతన్ని ఒక్క క్షణం తేరిపార చూసింది. కుర్చీ పక్కకి జరిపి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి రెల్మార్‌తో ఏదో అంది. రెల్మార్ సంచీ భుజాన వేసుకుని ఆవిడ వెంట వెళ్ళిపోయాడు.

పొగరుకి పొగరు తోడైంది అనుకుంటూ ఆర్నెల్ నూడుల్స్ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

రెల్మార్ మళ్ళీ ఆఫీసుకి రాలేదు.

మామిడిపళ్ళ కాలంలో ఒక ఆదివారం ఆర్నెల్ భార్యతో కలిసి గిమారస్ దీవికి బయల్దేరాడు. ఇలోయిలో రేవు జనంతో కిటకిటలాడుతోంది. పైన మైకు గరగరలాడింది.

"గి-గి-గిమారస్ వెళ్ళే ప-పడవ..."

నల్లకళ్ళద్దాల పెద్దమనిషి ఒకడు గట్టిగా నవ్వాడు. "వీడు చెప్పేసరికి పొద్దుగూకుతుంది! ఈ పనికి ఇంకెవరూ దొరకలేదా?"

మైకు మళ్ళీ గరగరలాడింది.

"తొం-తొందరున్నవాళ్ళు ఈ-ఈదుకుంటూ వెళ్ళొచ్చు సార్. నీ-నీళ్ళు బావున్నాయి."

రేవంతా గొల్లున నవ్వింది. చేపల బుట్ట మోస్తున్న ముసలావిడ బుట్ట దించి మరీ చప్పట్లు కొట్టింది. కళ్ళద్దాల మనిషి నోరు మూసుకుని వరుసలో నిలబడ్డాడు.

ఆర్నెల్ తలెత్తి చూశాడు. చెక్క మంచె మీద, నీలం టోపీలో, రెల్మార్!

గబగబా మెట్లెక్కాడు. "ఈ పని నీకెవరిచ్చారోయ్?"

"మ-మనాంగ్ ఫెలిసా. ఆ రోజు మ-మీ ఆఫీసుకి వచ్చిందే..."

"ఆవిడా? ఆవిడకే పని లేదు కదా! ఎవరినో బతిమాలి నీకు..."

రెల్మార్ అరచెయ్యి ఎత్తాడు. ఆగమన్నట్టు.

ఆర్నెల్ ఆగాడు. అతను మాట మధ్యలో ఆగడం అతని భార్య ఎప్పుడూ చూడలేదు. మెట్ల కింద నుంచి వింతగా చూసింది.

రెల్మార్ తొందరపడలేదు. కింద పడవలు, ఎక్కుతున్న జనం, గట్టుకి తగిలి విరుగుతున్న అలలు. ఆర్నెల్ పెదవి బిగబట్టుకుని నిలబడ్డాడు.

"ఈ ప-ప-పడవలన్నీ ఆవిడవే సార్."

ఆర్నెల్ కింద వరసగా ఆగి ఉన్న పడవల్ని ఒక్కొక్కటే చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"అయితే... ఇంకా ఖాళీలుంటే చెప్పు తమ్ముడూ. మా దగ్గర మనుషులున్నారు. నీలాంటివాళ్ళే."

"ఇ-ఇప్పుడు లేవు సార్. అప్పుడైతే టికెట్లిచ్చేవాళ్ళు, కే-కేకేసేవాళ్ళు, అందరూ కావాల్సొచ్చింది. అందరూ మా-మాలాంటివాళ్ళే ఉండాలంది ఆవిడ. బా-బాకోలోడ్ నుంచి తె-తెచ్చుకుంది."

"అదేమిటి, అంత దూరం నుంచా? ఊళ్ళోనే ఉన్నాం, ముందు మమ్మల్ని అడగొచ్చు కదా!"

రెల్మార్ మైకు చేతిలోకి తీసుకున్నాడు. కింద జనం ఎదురుచూస్తున్నారు.

"అ-అడగడానికే కదా సార్, ఆ రోజు వ-వచ్చింది."