చెయ్యి తగలొద్దు

"డాక్టర్ ఏమన్నడు? కంటికి నీ చెయ్యి తగలొద్దన్నడు గద. చుక్కలు నేనేస్త," అంది తల్లి చంద్రభాగ, బీడీలు చుడుతున్న చేటను ఒళ్ళోంచి పక్కకు జరిపి.

కళ్ళద్దాలు వదిలించుకోవాలని ఋతుజ లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాక అది ఐదో రోజు. మూడు రోజులు మంట, మసక ఉంటాయని డాక్టర్ ముందే చెప్పాడు. మసక తగ్గుతోంది. మంట మాత్రం చుక్కలు వేసిన ప్రతిసారీ పెరుగుతోంది.

"అమ్మా, ఈ మందు నాకు పడ్తలేదేమో."

"మందు మంచిగనే ఉంది. జర ఓర్చుకో బేటా."

ఋతుజ ఓర్చుకుంది. ఒక్కసారి కూడా కళ్ళు నలుపుకోలేదు. తాముండే దాజీ పేట్ వీధిలోని మగ్గాల దుమ్ము లోపలికి వస్తుందని ఐదు రోజులుగా కిటికీ తెరవలేదు.

చంద్రభాగ కూతురి తలను ఒళ్ళోకి తీసుకుంది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఋతుజకు ఒక వస్తువు తేటగా కనిపించింది. తన కుడి కంటి మీదికి దిగుతున్న అమ్మ బొటనవేలు. గోటి కింద నల్లగా ఇరుక్కున్న పొగాకు. వేలంతా అంటుకున్న దాని పొడి.

"అమ్మా, ఆగు!"

చుక్క అప్పటికే పడింది.

"అయిపాయె బేటా, ఇంకొక్కటే," అంటూ చంద్రభాగ ఎడమ రెప్ప పైకెత్తింది.