మాట పూర్తయ్యేదాకా

"ఒక్క క్యాను చాలని చె... చెప్పబోతుంటే ఫోను లాక్కుని రెండు చెప్పేశావు నాన్నా! ఈ రెండోది నువ్వే నె... నెత్తిన పెట్టుకో!"

వంటింటి గుమ్మానికి అడ్డంగా ఉన్న నీళ్ల క్యాను దగ్గర తండ్రీకూతుళ్ల పోట్లాట.

"నీ మాట అయ్యేలోపు ఆ నీళ్లబ్బాయి ఫోను పెట్టేసేవాడే తల్లీ!"

మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ నత్తి. సగం మాట రాగానే మిగతాది అందించడం మాకు అలవాటు.

ఇద్దరినీ భోజనానికి కూర్చోబెట్టాను. బల్ల మీద నర్సింగ్ కాలేజీ ఉత్తరం నాలుగు రోజులుగా అలాగే పడి ఉంది. మార్కులు చాలినా, ఇంటర్వ్యూలో 'రోగులతో మాట్లాడే సామర్థ్యం లేదు' అని సీటు ఇవ్వలేదు. అప్పీలుకు రేపే ఆఖరు.

"వదిలెయ్యమ్మా. మళ్లీ వాళ్ల ముందు నవ్వులపాలవడం ఎందుకు?" అన్నారు మా ఆయన. "కాదంటే, నీ బదులు నేను మాట్లాడతా."

"అసలు ఆ రోజు ఏం జరిగిందే?" అడిగాను.

"నాకు జ... జవాబు తెలుసమ్మా. సగం చెప్పేసరికి మిగతా సగం వా... వాళ్లే చెప్పేశారు. త... తప్పు చెప్పారు. నేను దిద్దేలోపు ఇంకొకర్ని పిలిచేశారు."

మా ఆయన క్యాను వైపు చూసి తల దించుకున్నారు.

"అ... అప్పీలు చేస్తున్నా. నేనే మాట్లాడతా. నా మాట అయ్యేదాకా వాళ్లు కూ... కూ..."

ఆయన పెదవులు కదిలాయి. బల్ల కింద ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అన్నం చల్లారుతోంది. ఎవరమూ కదల్లేదు.

"కూర్చోవాల్సిందే!" అంది.