ఇంకో అంగుళం

సైనికుడి వేషానికి కొన్న ప్లాస్టిక్ కవచాన్ని భర్తకు తొడిగి, వదులుగా ఉన్నచోట ఆమె పెన్సిల్‌తో గీత గీసింది. నిరుడు పాప పుట్టినరోజుకి అదే కవచం అతనికి బిగుతైంది.

"కొయ్యనండీ. అంచులు ఒకదాని మీదొకటి ఎక్కించి బెల్టు బిగిస్తా. మీరు మళ్ళీ ఒళ్ళు చేశాక వదులు చేసుకోవచ్చు."

"ఇదేమన్నా నీ జాకెట్టా, లోపల కుట్టు దాచుకోడానికి? కోసెయ్."

"మందు పనిచేస్తోందని డాక్టరు అన్నాడని చెప్పారుగా?"

"చెప్పాన్లే. ఆ గీతకి ఇంకో అంగుళం లోపలికి గియ్యి."

"ఈ గీతకే సరిగ్గా సరిపోతుందిగా! ఊపిరాడొద్దూ?"

"పుట్టినరోజు వచ్చే నెల కదే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను కిటికీ వైపు తిరిగాడు. కవచం తిరగలేదు.

ఆమె పెన్సిల్ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎంతవరకో మీరే గియ్యండి."