పట్టా లేని దొరసాని

దొరసాని ఎదురుగా కూర్చోగానే వెంకట్రాములు ముక్కుకు చుట్టవాసన కొట్టింది.

ఆయన వనపర్తిలో కొత్తగా పెట్టిన ఆడపిల్లల బడికి గుమాస్తా. 1936లో ఆ బడిలో ఉద్యోగానికి ఎవరు వచ్చినా ముందు కాగితాలు చూసేది ఆయనే. మూడుసార్లు తప్పి నాలుగోసారి మెట్రిక్ గట్టెక్కిన మనిషి. ఆ సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, ఇంట్లో దేవుడి పటాల వరసలో తగిలించుకున్నాడు.

వచ్చినామె పేరు మిస్ థర్లో. యాభై దాటి ఉంటాయి. కృష్ణ మీద వంతెనకు కొలతలు తీయడానికి వచ్చిన ఒక ఇంజనీరుకు అక్క. తమ్ముడు సోమశిలలో జ్వరంతో పోయాక ఆమె ఇంగ్లాండుకు తిరిగి వెళ్ళలేదు. అక్కడి పడవవాళ్ళ దగ్గరే తెలుగు నేర్చింది, చుట్ట తాగడమూ నేర్చింది.

పిల్లలకు లెక్కలు చెబుతానంది.

పట్టా చూపించమన్నాడు వెంకట్రాములు.

"లేదయ్యా. నాకియ్యలే."

ఎందుకివ్వలేదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. పరీక్ష తప్పినవాళ్ళు చెప్పే సాకులన్నీ ఆయనకు తెలుసు. ఒకప్పుడు తానూ చెప్పినవే.

దొరల ఇంట పుట్టి చదువు తప్పడం. దానికి తోడు ఆ మాసిన గౌను, ఆ కూలోళ్ళ మాట, ఆ కంపు. ఆయనకు రోత పుట్టింది. అయినా తెల్లమనిషిని ఉత్తచేతులతో పంపడానికి జంకి, కుట్టుపని నేర్పమన్నాడు.

మిస్ థర్లోకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. పిల్లలే ఎక్కించి ఇచ్చేవాళ్ళు. పది రోజులు తిరక్కుండానే కుట్టు గంటలో గుడ్డలు మూలకు పోయాయి, పలకలు ఒళ్ళోకి వచ్చాయి.

ఆ తరగతిలో వెంకట్రాములు కూతురు ఇందిరమ్మ ఉంది. పన్నెండేళ్ళ పిల్ల. ఒక మధ్యాహ్నం గుప్పెడు బొత్తాలతో తండ్రి గదిలోకి వచ్చింది. ఒక బొత్తం పెట్టింది. దానికి రెండు వైపులా కలిపి మూడు పేర్చింది, వాటిని ఆనుకొని అయిదు, మళ్ళీ ఏడు. ప్రతిసారీ నాలుగు వైపులా సమానమైన చదరమే వచ్చింది. ఎంత దూరం పోయినా గిట్లనే వస్తదంది.

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే నాయినా. నాకే కనపడ్డది."

ఆ కుట్టు గంటలో ఏం జరుగుతోందో చూద్దామని వెంకట్రాములు లేచి వెళ్ళాడు.

వరండాలో దొరసాని పలక మీద ఏదో రాసింది. నచ్చలేదేమో, వేలు నోట్లో పెట్టుకొని తడిచేసి, ఆ ఎంగిలితోనే తుడిచేసింది. పలకను ఇందిరమ్మకు అందించింది. ఇందిరమ్మ అదే తడిని అరచేత్తో రుద్ది పైన రాయసాగింది.

ఆయన అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం కూతుర్ని బావి దగ్గర నిలబెట్టి నెత్తిన నీళ్ళు గుమ్మరించాడు. తెల్లారి బడి పెద్దల దగ్గరికి పోయి, పట్టా లేని మనిషి, చుట్ట తాగే మనిషి, మన పిల్లలకు ఎంగిలి అంటగడుతోందని చెప్పాడు. వాళ్ళూ ముక్కు మీద గుడ్డ వేసుకున్నంత పనిచేశారు. వారంలో మిస్ థర్లోను తీసేశారు.

వెళ్ళిపోయే రోజు ఆమె వెంకట్రాములు ఇంటికి వచ్చింది. ఆయన లోపలికి రమ్మనలేదు. గడప బయటే నిలబడి మాట్లాడింది. అందరినీ అన్నట్టే ఆయన్నీ 'నువ్వు' అంది.

"నువ్వొప్పుకుంటే సోమశిల పోకుండ ఈడనే ఉంట, నీ బిడ్డను దినాం ఒక్క గంట నాకాడికి తోలియ్యి. నాకేమియ్యకు. గిసుంటి పిల్లను నేనెన్నడు సూడలే."

"పరీక్ష తప్పినోళ్ళకాడ నా బిడ్డ చదువుడు నాకిష్టం లేదు."

ఆమె ముఖం ఎర్రబడింది. తలుపు చాటున నిలబడ్డ ఇందిరమ్మ వైపు ఒకసారి చూసింది.

"నేను తప్పలేదయ్యా," అంది మెల్లగా.

ఈ వయసులో అబద్ధం కూడానా అనుకున్నాడు. ఆమె మలుపు తిరగ్గానే, నిలబడ్డచోట పేడనీళ్ళు చల్లించాడు.

ఆ వానాకాలమే సోమశిలలో మిస్ థర్లో చలిజ్వరంతో పోయింది. పడవవాళ్ళే గుంత తవ్వి గట్టున పూడ్చారట. కబురు బడికి వచ్చింది, వచ్చినట్టే పోయింది.

మరుసటి ఎండాకాలం ఇందిరమ్మకు ఖిల్లా ఘణపూర్ సంబంధం కుదిరింది. అప్పటికే ఆ పిల్ల లెక్కల ఊసెత్తడం మానేసింది. అత్తవారింటికి పోయేటప్పుడు ఏమీ అడగలేదు. బండి ఎక్కి ముఖం అటు తిప్పుకుంది.

ఇంకో ఏడాదికి ఇంగ్లాండు నుంచి బడికి ఒక ఉత్తరం వచ్చింది. జవాబులు రాయడం వెంకట్రాములు పనే. మిస్ థర్లో చదివిన ఆడవాళ్ళ కాలేజీ నుంచి రాశారు. పోయినవాళ్ళ గురించి ఏటా ఒక పుస్తకం వేస్తారట. ఆమె మీ బడిలో ఏం బోధించేదో దయచేసి తెలపమన్నారు.

తప్పినవాళ్ళకు కూడా పుస్తకంలో చోటా అని ఆయన ముఖం చిట్లించుకున్నాడు. "కుట్టుపని" అని రాసి, కింద సంతకం చేసి, అద్దుడు కాగితం అద్దాడు.

ఉత్తరాన్ని మడిచి పెట్టబోతుంటే వెనక వైపు కూడా రాత కనిపించింది.

ముప్పై నాలుగేళ్ళ కిందట కేంబ్రిడ్జిలో, లెక్కల పెద్ద పరీక్షకు కూర్చున్న మగవాళ్ళందరిలో మిస్ థర్లో కన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్ళు ఇద్దరంటే ఇద్దరేనని, ఆ ఇద్దరూ తర్వాత ప్రొఫెసర్లయ్యారని, ఆడవాళ్ళు ఎంత గొప్పగా గెలిచినా మగవాళ్ళతో సమానంగా పట్టా ఇచ్చే నియమం ఆ విశ్వవిద్యాలయంలో ఆనాడూ లేదని, ఈనాటికీ లేదని అక్కడ ఉంది.