జంపఖానా మీద తడి

“దొరికింది దొంగ! మామా, ఇటు చూడు!”

వినోద కేకకు వాకిట్లో పావురాలు లేచిపోయాయి. మగ్గం కింద కాళ్లు దించుకునే గుంత అంచున పరిచిన పాత జంపఖానా తడిసి ముద్దయింది. ఆ తడి పక్కనే పిల్లి నిలబడి, లేని మట్టిని లాగి కప్పుతున్నట్టు ముందుకాలితో జంపఖానాను గీరుతోంది. వినోద చీపురు ఎత్తగానే మంచం కిందికి దూరింది.

“చేసేదంత చేసి కప్పిపెట్టుకుంటాంది! కండ్లు మూసుకొని పాలు తాగితే ఎవ్వలు చూడరనుకుంటాంది!”

గోడవారన నూలు కండెలు సర్దుతున్న ఆమె మామ సారయ్య తలెత్తలేదు.

“నోరులేని జీవం బిడ్డా. తిట్టకు,” అన్నాడు.

ఆ పిల్లి ఆయనదే. రెండేళ్ల కింద వరంగల్ కొత్తవాడలో తమ సందులోనే వానకు తడిసి అరుస్తుంటే కండువాలో చుట్టి ఇంటికి తెచ్చాడు. నూలు కండెలతో ఆడీ ఆడీ దాని పేరే కండె అయింది. ఆయన నేస్తున్నంతసేపూ గుంతలో ఆయన కాళ్ల దగ్గరే పడుకుంటుంది, ఆయన లేస్తేనే లేస్తుంది. ఆ లేవడమే ఇప్పుడు సారయ్యకు పెద్ద పని. డెబ్బై ఆరేళ్ల మోకాళ్లు మరి! గోడకు కట్టిన తాడు పట్టుకుని, రెండుసార్లు కూలబడి, మూడోసారికి పైకి వస్తాడు. అయినా రోషానికి తక్కువ లేదు. తన ధోతి కోడలిని ముట్టుకోనివ్వడు, తానే ఉతుక్కుంటాడు.

“చేతనైతలేదని ఒక్క మాట అను నాయినా, తెల్లారే మగ్గం పీకి ఈ అర్ర కిరాయికిస్త,” అని కొడుకు హరికృష్ణ వారానికోసారి అంటాడు.

“నా చేతులు మంచిగనే ఉన్నయి,” అని సారయ్య వారానికోసారి జవాబు చెబుతాడు.

మరునాడు వినోద కండెను కూరగాయల బుట్టలో పెట్టుకుని ఆటోలో హనుమకొండకు, పశువుల డాక్టరమ్మ దగ్గరికి పోయింది. నోటితో ఎంత తిట్టినా ఆమెకూ దాని మీద మనసుంది.

“ఇసుక టబ్బులో అసలు పోస్తోందా?” డాక్టరమ్మ అడిగింది.

“పోస్తది మేడం. రోజు నేనే ఎత్తిపోస్త.”

“మరి బయట ఎంత? చుక్కలు చుక్కలుగానా?”

“చుక్కలా! చెంబెడు మేడం!”

డాక్టరమ్మ నవ్వింది. “ఇంత పిల్లి చెంబెడు ఎక్కడ పోస్తుందమ్మా!” అంటూనే దాని పొట్ట నొక్కి చూసింది, పరీక్ష చేయించింది. జబ్బేమీ లేదంది. “టబ్బు నచ్చకపోయినా, టబ్బు పెట్టిన చోటు నచ్చకపోయినా పిల్లులు ఇట్లా చేస్తయి. తడిసే చోటనే ఇంకో టబ్బు పెట్టి చూడండి.”

పెట్టారు. కొత్త టబ్బులో ఇసుక ఇసుకలాగే ఉంది. మూడోనాడు మళ్లీ జంపఖానా తడిసింది. ఈసారి తడి పక్కన మడతపెట్టి ఉంచిన కొత్తదాని దాకా పాకింది. ఎర్రరంగు దిగి తెల్లచారలన్నీ పాడయ్యాయి. పన్నెండు రోజుల నేత!

వినోద తల పట్టుకుని కూలబడింది.

“ఇగ నాతోని కాదు మామా. మరిపెడల మా శోభక్కకు ఇచ్చేస్త. ఆమెకు పిల్లులంటే పానం. కాని పిల్లి నీది. నువ్వు వద్దంటే పంప. చెప్పు.”

కండె సారయ్య ఒళ్లో గుర్రుపెడుతోంది. ఆయన దాని చెవుల మధ్య వేలితో రాశాడు. ఏదో చెప్పబోయాడు. అంతలో వాకిట్లో కొడుకు బండి ఆగిన చప్పుడైంది.

“పంపు బిడ్డా,” అన్నాడు.

మర్నాడు వినోద బుట్టతో బస్టాండుకు బయలుదేరింది. సందు మలుపు తిరిగేదాకా బుట్టలోంచి అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. సారయ్య గడప దాకా కూడా రాలేదు.

తడి ఆగిపోయింది. ఒకరోజు, రెండ్రోజులు, నాలుగు రోజులు. జంపఖానా పొడిగా ఉంది.

“చూసినవా మామా, పిల్లి పోయింది, పీడ పోయింది,” అంది వినోద. అన్నాక ఆయన ముఖం చూసి నాలుక కరుచుకుంది. పొద్దున పెట్టిన చెంబెడు నీళ్లు సాయంత్రానికీ అట్లాగే ఉంటున్నాయి. చాయ్ ఇస్తే వద్దంటున్నాడు. పెదవులు పగిలిపోయాయి. పిల్లి మీద బెంగతో ముసలాయన ఎండిపోతున్నాడనుకుంది. పాత టబ్బును పారేయబోయి, మళ్లీ తెచ్చి మూలకు పెట్టింది. తొందరపడ్డానేమో అని ఆ రోజంతా తనను తానే తిట్టుకుంది.

ఐదోనాడు శోభారాణి ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

“వచ్చిన కాన్నుంచి అది ముద్ద ముట్టలేదే చెల్లె. పొద్దున తలుపు తీసిన్నో లేదో, సందుల నుంచి ఉరికింది. ఊరంత తిరిగినం. దొరుకుతలేదు.”

గుంతలో ఉన్న సారయ్యకు ఆ మాట వినబడింది. మగ్గం ఆగింది.

“ఎటు దిక్కు ఉరికిందట?”

“వరంగల్ రోడ్డు దిక్కే అంటాంది మామా.”

లారీలు ఊపిరాడనివ్వని రోడ్డు అది. ఎక్కడి మరిపెడ, ఎక్కడి కొత్తవాడ! సారయ్య తాడు పట్టుకుని లేవబోయి కూలబడ్డాడు. మళ్లీ లేవబోయాడు. వినోద పరుగున వచ్చి చంక కింద చేయివేసింది.

“నన్ను మరిపెడ తోల్కపో బిడ్డా. నేను పిలిస్తే వస్తది.”

“ఊకో మామా. దొరికినా ఏం జేస్తం? తెస్తే మళ్ల గదే పని చేస్తది గదా!”

సారయ్య ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్ల నిండా నీళ్లు.

“నేను పోసింది అది కప్పేది బిడ్డా.”