లేచాను, లేచాను!

బడి గంట మోగించే కంప్యూటరు కాలిపోయిన రోజు పిల్లల పంట పండింది. ఆటల పీరియడు సాయంత్రం దాకా సాగింది.

కొత్త కంప్యూటర్లు బల్లలెక్కాక లెక్కల టీచరు తన మరిదిని వెంటబెట్టుకొచ్చింది. స్టాఫ్ రూములో ఒకటి, ఆఫీసులో ఒకటి, లైబ్రరీలో ఒకటి. మరిదికి ఇలాంటివి నడపడమే ఉద్యోగం.

"ఒక్కోదాని ముందూ కూర్చుని అన్నీ ఎక్కించాలా? తెల్లారినట్టే!" అన్నాడు, సోమవారమే బదిలీ మీద వచ్చిన హెడ్మాస్టరు.

"అక్కర్లేదు సార్. ఏమేం ఉండాలో ఒకచోట స్క్రిప్టు రాస్తాను, అంటే కంప్యూటర్లకి ఆజ్ఞల పట్టీ. గంట ప్రోగ్రాం, దానికో కాపలా ప్రోగ్రాం. గంట ఆగిపోతే కాపలాది వెంటనే లేపుతుంది. రెంటినీ అన్ని కంప్యూటర్లలోనూ స్క్రిప్టే పెట్టేస్తుంది."

"ఆ కాపలావాడు నిద్రపోతే?"

"వాణ్ణి కంప్యూటరే లేపుతుంది. అక్కడితో ఆపుదాం సార్, లేకపోతే కాపలాకి కాపలా పెట్టుకుంటూ పోవాలి."

టీచరు పర్సులోంచి మెమరీ కార్డు తీసింది. "గంటను లేపినప్పుడల్లా ఇది వినపడాలి. ఇది మాత్రం పోకూడదు."

"అన్నయ్యదేనా వదినా?"

"ఇంకెవరిది?"

సాయంత్రం మరిది పరీక్షకని గంట ప్రోగ్రామును ఆపాడు. రెప్పపాటులో స్పీకర్లోంచి బద్ధకంగా ఓ గొంతు వచ్చింది.

"లేచాను, లేచాను! అరవకు!"

హెడ్మాస్టరు ఉలిక్కిపడ్డాడు. "ఎవరండీ ఈ నిద్రమొహం?"

"మా ఆయన సార్. పాత గంట ప్రోగ్రాం రాసింది ఆయనే. పొద్దున్నే లేపుతుంటే దుప్పట్లోంచి చెప్పే మాట. నన్ను ఉడికించడానికి దాన్నే రికార్డు చేసి పెట్టారు."

"బడికో మర్యాద ఉందండీ. గంట చాలు, గొంతొద్దు."

"ఉండనివ్వండి సార్."

హెడ్మాస్టరు వినలేదు. తనే కూర్చుని రికార్డింగు తుడిచేశాడు. టీచరు తెర వంకే చూస్తూ నిలబడింది. కాసేపటికి రికార్డింగు మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ తుడిచాడు. మళ్ళీ వచ్చింది.

"చేత్తో తీస్తే పోదు సార్," అన్నాడు మరిది. "స్క్రిప్టు మాటిమాటికీ వచ్చి చూసుకుంటుంది. తనలో రాసినట్టు లేకపోతే మొదట్లాగే సర్దేస్తుంది. స్క్రిప్టులోంచే తియ్యాలి. పాస్‌వర్డు పెట్టింది వదిన."

"ఇస్తారా టీచరుగారూ?"

"ఇవ్వను సార్."

ఆయన పెద్దగా నవ్వేశాడు. "మీ ఆయన మహా మొండిఘటమండీ! తరిమేకొద్దీ తిరిగొస్తున్నాడు. సరే, ఉండనివ్వండి. అయినా ఇంటికెళ్తే వినే గొంతే కదా, బళ్ళో కూడా ఎందుకు?"

టీచరు కూడా నవ్వింది. మరిది తలొంచుకుని వైర్లు చుట్టడంలో పడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరూ లేరు. టీచరు క్యారియరు ముందు పెట్టుకుంది. మూత తియ్యకుండానే లేచి వెళ్ళి గంట ప్రోగ్రామును ఆపింది.

"లేచాను, లేచాను! అరవకు!"

"లేచింది చాల్లెండి. రండి, భోంచేద్దాం," అంటూ వచ్చి మూత తీసింది.

చనిపోయిన అన్నను లేపే స్క్రిప్టు మాత్రం మరిది రాయలేకపోయాడు.