బిషాయ్ నోట రాని మాట

ఎవరో కొత్తమనిషి తమ వరసలో నిలబడి, అదీ శ్రుతి తప్పి పాడుతుంటే బిషాయ్‌కి ఒళ్ళు మండింది.

ఊరి క్రైస్తవుల గుడిలో ముందు వరస ఆ చివర అతని తాత నిలబడేవాడు, తండ్రి నిలబడేవాడు. ఎంత చెరకు తోట ఉన్నవాడైనా అక్కడ కాలు పెట్టడు.

బిషాయ్ ఆ గుడికి పెద్ద పరిచారకుడు. తెల్లని అంగీ మీద ఎర్రపట్టీ వేసుకుని కంచు తాళాలు చేతబట్టాడంటే, గురువు అబూనా యస్తుస్ కూడా అతని శ్రుతి కోసం ఆగుతారు. ఆ సంగతి ఊరికి తెలుసు. ఊరికి తెలుసన్న సంగతి బిషాయ్‌కి ఇంకా బాగా తెలుసు.

కొత్తమనిషికి యాభై దాటి ఉంటాయి. కాళ్ళదాకా వేలాడే వెలిసిపోయిన గలాబియా, పగుళ్ళు వారిన అరచేతులు. కళ్ళు మూసుకుని గొంతెత్తి పాడుతున్నాడు. అందరూ ముగించాక తను ముగిస్తున్నాడు.

కీర్తన అవ్వగానే బిషాయ్ తాళాలు ఆపాడు.

"ఏమయ్యా, ఆ గొంతుతో దేవుణ్ణి పిలుస్తున్నావా, గాడిదను అదిలిస్తున్నావా?"

మగవాళ్ళ వైపు నవ్వులు లేచాయి. ఆడవాళ్ళ వైపు కూడా, ముసుగుల చాటున.

వెనక్కి పొమ్మని బిషాయ్ చేత్తో చూపించాడు. ఆ మనిషి తల వంచుకుని వెళ్ళి, గుమ్మం పక్కన చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు.

బిషాయ్ సంగతే అంత. తమది తల వంచని ఇల్లని అతని నమ్మకం. ఇరవై రెండేళ్ళ కిందట కైరోలో మేనత్త ఇంట్లో ఉన్న చెల్లెలు ఇస్తీర్, వీధుల్లో చెత్త ఎత్తే బండివాణ్ణి పెళ్ళి చేసుకుంది. వాడి ముఖం చూడనని బిషాయ్ ఒట్టేశాడు, చూడలేదు. చెల్లెలి ఉత్తరాలను విప్పకుండానే తిప్పి పంపాడు. భార్య పొరపాటున ఆ పేరెత్తితే ఆ పూట ఇంట్లో అన్నం ముట్టేవాడు కాదు. అబూనా పదిసార్లు నచ్చజెప్పబోయి, ఇక లాభం లేదని ఊరుకున్నారు.

ధూపం అయింది. వాక్యాలు చదవడం అయింది. విశ్వాస ప్రమాణం ఊరంతా బిగ్గరగా చెబుతుంటే, గుమ్మం దగ్గరి మనిషి పెదవులు మాత్రమే కదలడం బిషాయ్ కంటపడింది. ఆ గొంతు నొక్కింది తనే.

శాంతి కోరే సమాధాన ప్రార్థన ముగించి అబూనా ఆగారు.

ఇక పిలవాల్సింది బిషాయ్. పవిత్రమైన ముద్దుతో ఒకరికొకరు వందనం చేసుకోండి, అనాలి. అతను అంటేనే అందరూ పక్కవాళ్ళ చేతులు తాకి, ఆ వేళ్ళను ముద్దు పెట్టుకుంటారు. మనసులో ఎవరి మీదా కక్ష లేకుండా ప్రభువు బల్ల దగ్గరికి రమ్మని ఆ పిలుపు. ముప్పై ఏళ్ళుగా పిలుస్తున్నాడు. ఏనాడూ గొంతుకు అడ్డం పడలేదు.

ఈ వేళ పడింది.

నోరు తెరిచాడు, మాట రాలేదు. మరిచిపోయాడేమోనని పక్కనున్న పరిచారకుడు మెల్లగా అందించాడు. బిషాయ్ మరవలేదు. ఒకణ్ణి చెప్పుల్లోకి నెట్టి, మిగతావాళ్ళను కలిసి ఉండమని ఏ మొహంతో చెప్పడం? పోనీ వెళ్ళి చేతులు పట్టుకుంటే? రేపు టీకొట్టు దగ్గర ఊరంతా ఇదే చెప్పుకుంటుంది. బిషాయ్ తల వంచాడట, అదీ ఊరూ పేరూ తెలియనివాడి ముందు.

ప్రభువు బల్ల మీద కప్పి ఉన్న రొట్టె వైపు చూశాడు. కళ్ళు నిండాయి.

ప్రభూ, వంగడం నాకు చేతకాదు, నువ్వే వంచు, అనుకున్నాడు.

తాళాలు పక్కన పెట్టి మెట్టు దిగాడు. ఆ గుడి అంత పొడవని ఇన్నేళ్ళూ అతనికి తెలియదు.

గుమ్మం దగ్గర మోకరించి, ఆ మనిషి పాదాల ముందు నుదురు నేలకు ఆనించాడు. తెల్ల అంగీకి చెప్పుల దుమ్ము అంటింది.

"అన్నా, నలుగురిలో నిన్ను చిన్నబుచ్చాను. నన్ను క్షమించు."

ఆ మనిషి బెదిరిపోయి తనూ నేల మీద కూలబడ్డాడు.

"మీరూ నన్ను క్షమించాలి."

"నువ్వేం చేశావని?"

"అది అడక్కుండా క్షమించగలరా?"

బిషాయ్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"క్షమించాను."

"నన్నూ, నా ఇంటిదాన్నీ?"

"ఇద్దరినీ. దేవుడి ఎదుట చెబుతున్నాను."

ఇద్దరి చేతులూ కలిశాయి. బిషాయ్ అక్కడే, మోకాళ్ళ మీదే ఉండి వందనం చేసుకోమని అందరినీ పిలిచాడు. గొంతు జీరబోయి శ్రుతి తప్పింది. ఎవరూ నవ్వలేదు.

ఆరాధన ముగిశాక దీవెన రొట్టెలు పంచుతుంటే ఆ మనిషి కోసం వెతికాడు. రొట్టె కూడా తీసుకోకుండా పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాడని ఎవరో చెప్పారు.

అబూనా దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో పావురాలు వండారని, ఆ కొత్తమనిషిని తన పక్కన కూర్చోబెట్టుకుని తినిపించాలని ఉందని, ఆయన ఎవరో ఏ ఊరో చెప్పమని అడిగాడు. మనసు ఇంత తేలిగ్గా ఉండి ఎన్నేళ్ళయిందో గుర్తులేదని కూడా అన్నాడు.

అబూనా గడ్డం నిమురుకుంటూ చెప్పారు. నిన్న సాయంత్రం ఆ మనిషి తన దగ్గరికి వచ్చి, బిషాయ్‌తో ఒక్క మాట చెప్పి పుణ్యం కట్టుకోమని బతిమాలాడట. ఆ మాట ఎత్తే ధైర్యం తనకు లేదని అబూనా పంపేశారట.

"ఆయన లబీబ్, బిషాయ్, నువ్వు ముఖం చూడనన్న నీ చెల్లెలి మొగుడు. గుడి గడప తొక్కడానికి భయపడి రైలు స్టేషన్‌లోనే కూర్చుండిపోయిన ఇస్తీర్‌కి, నువ్వన్న మాట చెప్పడానికే అలా పరుగెత్తాడు."